చిన్నదానికి కూడా ఒక పేరు



ఈ రోజు మనం పేర్ల గురించి మాట్లాడుకుందాం.

మీరు చదువు కేంద్రానికి వచ్చిన మొదటి రోజు గుర్తుందా? ఆ రోజు నేను మీకు 'అ ఆ'లు నేర్పలేదు. మీ పేరు నేర్పాను. పలక మీద మీ పేరు చూసుకుని ఒక అమ్మ ఏమన్నదో తెలుసా? "యాభై ఏండ్ల సంది నన్ను పిలుస్తున్నరు గని, నా పేరు ఎట్లుంటదో ఇయ్యాలనే చూసిన" అన్నది. ఆ మాట నేను మరవలేదు.

పేరు అంటే అంత విలువైనది. మరి మనం మన బిడ్డలకు పేరు పెట్టేటప్పుడు అంత ఆలోచిస్తున్నామా? పెద్ద బిడ్డకు పెట్టినంత శ్రద్ధగా చిన్న బిడ్డకు పెడుతున్నామా? ఇది ఈనాటి ప్రశ్న.

ఒక చెల్లె అడిగిన మాట

మొన్న ఎండాకాలంలో మన కేంద్రానికి వచ్చే ఒక చెల్లెకు రెండో కాన్పు అయింది. ఆడపిల్ల పుట్టింది. పదిహేను రోజుల తర్వాత నేను చూసి రావడానికి పోయాను.

ఆ చెల్లె పెద్ద బిడ్డ పేరు మీకు తెలుసు. వాన. అవును, వాన అనే పేరే. ఆ పిల్ల పుట్టినప్పుడు పత్తి గింజలు పెట్టి అందరూ మొగులు దిక్కు చూస్తున్నారు. మృగశిర కార్తె వచ్చింది కానీ వాన లేదు. పిల్ల పుట్టిన రాత్రి వాన పడింది. తండ్రి సంబురంతో "నా బిడ్డ వానను తెచ్చింది. దీని పేరు వాననే" అన్నాడు. అందరూ మొదట నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆ పేరు ఒకసారి విన్నవాళ్లు మరచిపోరు.

మరి రెండో బిడ్డ పేరేమిటి? నేను అడిగాను. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆసుపత్రి కాగితం తీసి చూపించారు. అందులో 'బేబి ఆఫ్' అని రాసి, పక్కన తల్లి పేరు రాశారు. అంతే. ఇంట్లో 'చిన్నది' అని పిలుస్తున్నారు.

అత్త అన్నది: "పేరుకేం తొందర బిడ్డా? మొగపిలగాడైతే మల్లన్న పేరు పెడుదుమని మొక్కుకున్నం. ఇది పుట్టె."

ఆ చెల్లె నన్ను బయటి దాకా సాగనంపడానికి వచ్చింది. కండ్లల్లో నీళ్లు. "సారక్కా, పెద్దదానికి అంత మంచి పేరు పెట్టిండ్రు. దీనికి పేరే లేదు. దాని పేరుకు కలిసే పేరు ఒకటి చెప్పవా?" అన్నది.

అక్కలారా, ఆమె అడిగింది పేరు ఒక్కటేనా? కాదు. చిన్న బిడ్డకు కూడా పెద్ద బిడ్డతో సమానంగా ఇంట్లో చోటు కావాలని అడిగింది. నాకు ఆ మాట బాగా తగిలింది. ఎందుకంటే నేను కూడా ఒక ఇంట్లో చిన్నదాన్నే.

మా ఇంటి రెండు పేర్లు

నా పేరు సారక్క. మా అక్క పేరు సమ్మక్క. మా అమ్మ మేడారం జాతరలో మొక్కుకుని అక్కకు ఆ పేరు పెట్టింది. తర్వాత నేను పుట్టాను. "సమ్మక్క ఉన్నప్పుడు సారక్క ఉండాలె గదా" అని నాకు ఈ పేరు పెట్టారు. ఎవరూ ఆలోచించే పనే పడలేదు.

చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది. అక్క విడిచిన గౌను నాకే. అక్క చదివిన పుస్తకం నాకే. పేరు కూడా అక్క పేరుకు తోకనే అనుకునేదాన్ని. టీచర్ ట్రైనింగుకు పోయినప్పుడు తోటి పిల్లలు నవ్వారు. "ఈ కాలంలో ఇదేం పేరు? మార్చుకో" అన్నారు. ఇంటికి వచ్చి అమ్మ మీద గొడవ పడ్డాను.

మా అమ్మ చదువుకోలేదు. కానీ ఒక మాట చెప్పింది. "పిచ్చి పిల్లా, జాతరల గద్దె మీదికి ముందుగాల ఎవరొస్తరు? బుధవారం నాడు సారక్క వస్తది. బేస్తారం నాడు సమ్మక్క వస్తది. సారక్క రాంది జాతర మొదలే కాదు. నీ పేరు తోక ఎట్లయితది?"

ఆ రోజు నుంచి నా పేరు నాకు నచ్చింది. పేరు ఎందుకు పెట్టారో తెలిస్తే మన పేరు మీద మనకు గౌరవం కలుగుతుంది.

మన దిక్కు జంట పేర్లు

అక్క పేరుకు, అన్న పేరుకు కలిసేటట్టు పేరు పెట్టడం కొత్త సంగతి కాదు. మన దిక్కు ఎప్పటి నుంచో ఉంది.

మేడారం ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఉంది. అక్కడ రెండు సంవత్సరాలకు ఒకసారి మాఘ మాసంలో పున్నమి రోజుల్లో జాతర జరుగుతుంది. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. పిల్లలు పుడితే నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుతారు. పుట్టిన పిల్లలకు ఆ తల్లుల పేర్లు పెడతారు. ఆడపిల్లలైతే సమ్మక్క, సారక్క. మగపిల్లలైతే సమ్మయ్య, సారయ్య.

ఇందులో ఒక చమత్కారం ఉంది. కథలో సమ్మక్క తల్లి. సారక్క ఆమె బిడ్డ. సారక్కనే సారలమ్మ అంటారు. గద్దెల మీద వాళ్లు తల్లీబిడ్డలు. మన ఇండ్లల్లో అదే పేర్లతో అక్కాచెల్లెళ్లు అవుతారు.

ఇంకా చూడండి. కొమురవెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్య, కొమురమ్మ ఉన్నారు. మన హనుమకొండ జిల్లాలోనే ఉన్న ఐనవోలు మల్లన్నను ఐలోని మల్లన్న అంటాం. ఆ పేరు మీద ఐలయ్య, ఐలమ్మ ఉన్నారు. వేములవాడ రాజన్న పేరు మీద రాజయ్య, రాజవ్వ ఉన్నారు. యాదగిరిగుట్ట పేరు మీద యాదగిరి, యాదమ్మ ఉన్నారు. ఒకే ఇంట్లో యాదగిరి, యాదమ్మ అన్నాచెల్లెళ్లుగా ఉండడం మీరు చూసే ఉంటారు.

ఇవి మోటు పేర్లని ఇప్పుడు కొందరు సిగ్గుపడుతున్నారు. సిగ్గు ఎందుకు? పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ ఉండేది. తన పొలం కోసం, తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాదు కోఠిలో ఉన్న మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మన పల్లె పేరు ఆడపిల్లలు చదివే పెద్ద చదువుల బడికి పేరైంది.

పేరు మోటుదా, నాజూకుదా అన్నది కాదు ముఖ్యం. ఆ పేరు గల మనిషి ఎట్లా బతికింది అన్నది ముఖ్యం.

భయంతో పెట్టిన పేర్లు, వద్దని పెట్టిన పేర్లు

వెనుకట పిల్లలు పుట్టి పుట్టి చనిపోయేవాళ్లు. టీకాలు లేవు. దవాఖానాలు దూరం. అప్పుడు తల్లులు భయపడి, బతికిన పిల్లకు చెడ్డ పేరు పెట్టేవాళ్లు. పెంట మీద పొర్లించి పెంటయ్య, పెంటమ్మ అనేవాళ్లు. బిచ్చం అడిగి బిచ్చయ్య, బిక్షపతి అనేవాళ్లు. చెడ్డ పేరు పెడితే చావు దగ్గరికి రాదని నమ్మేవాళ్లు. ఆ పేర్ల వెనుక భయం ఉంది. కానీ ప్రేమ కూడా ఉంది. బిడ్డ బతకాలని పెట్టిన పేర్లు అవి.

ఇంకో రకం పేర్లు ఉన్నాయి. అవి వేరు. మన పక్క రాష్ట్రం మహారాష్ట్ర సంగతి చెబుతాను. అక్కడ సతారా అని ఒక జిల్లా ఉంది. ఆ జిల్లాలో మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుడితే కొందరు 'నకుశా' అని పేరు పెట్టేవాళ్లు. 'వద్దనుకున్నది' అని దాని అర్థం. బడిలో పంతులు అదే పేరు పిలవాలి. పిల్ల "ఉన్నాను" అని పలకాలి. రోజూ ఆ పిల్ల తన నోటితో "నేను వద్దనుకున్న పిల్లను" అని ఒప్పుకున్నట్టే కదా!

2011 అక్టోబరు నెలలో ఆ జిల్లా అధికారులు ఒక మంచి పని చేశారు. అట్లాంటి పేరున్న 285 మంది ఆడపిల్లలను ఒక చోటికి పిలిచి, కొత్త పేర్లు పెట్టారు. కొందరు సినిమా తారల పేర్లు కోరుకున్నారు. కొందరు దేవతల పేర్లు కోరుకున్నారు. కొత్త పేరు రాసిన కాగితం ఒక్కొక్కరి చేతికి ఇచ్చారు.

మన దగ్గర అంత చెడ్డ పేరు పెట్టకపోవచ్చు. కానీ పెద్దదానికి వెతికి వెతికి పేరు పెట్టి, రెండోది కూడా ఆడపిల్లే అని 'చిన్నది' అని వదిలేస్తే, అది కూడా వద్దన్నట్టే కాదా? ఆలోచించండి.

కలవడం అంటే ఏమిటి?

ఆ చెల్లె అడిగిన తర్వాత వాళ్ల ఇంట్లో కొంచెం కదలిక వచ్చింది. ఆమె మరిది ఫోన్ తీసి పేర్లు వెతికాడు. "వదినె, వానకు కలవాలె గదా. ఆన, జాన, రియాన, జియాన, ఇవాన... చివరికి అన్నిట్ల 'న' ఉంది" అన్నాడు.

ఆ చెల్లె అడిగింది: "మంచిగనే ఉన్నయ్ గని, జియాన అంటే ఏంది?"

"అర్థం ఏముంటది వదినె? కొత్త పేరు. ఎవ్వలికి లేదు."

"పెద్దయినంక నా పేరుకు అర్థమేందే అని అడిగితే ఏం చెప్పాలె?"

మరిది నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడ మనం ఒకటి తెలుసుకోవాలి. ఈ రోజుల్లో చాలా ఇండ్లల్లో చివరి అక్షరం కలిస్తే చాలు అనుకుంటున్నారు. బడిలో నాకు దీనితో తిప్పలే. నేను పనిచేసిన ఒక చోట ఇద్దరు అక్కాచెల్లెళ్ల పేర్లు ఒక్క అక్షరమే తేడా. ఇంటి పేరు ఒకటే. తండ్రి పేరు ఒకటే. ఒకసారి పెద్దదాని మార్కులు చిన్నదాని పేరు మీద ఎక్కాయి. సరిచేయడానికి ఆ తండ్రి మూడు రోజుల కూలి పోగొట్టుకున్నాడు.

మరి చివరి అక్షరం కలవకుండా పేర్లు కలుస్తాయా? కలుస్తాయి. అట్లా కలిపిన ఒక ఇంటి కథ చెబుతాను.

గోరా గారి పిల్లలు

గోరా అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. ఆయన 1902లో పుట్టి 1975లో చనిపోయాడు. కులాల తేడా పోవాలని జీవితమంతా పనిచేశాడు. భార్య సరస్వతి కూడా ఆయనతో పాటు పనిచేసింది. ఇద్దరూ కలిసి నడిపిన నాస్తిక కేంద్రం విజయవాడలో ఉంది.

వాళ్లకు తొమ్మిది మంది పిల్లలు. ఆ పిల్లలకు నలుగురూ పెట్టే పేర్లు పెట్టలేదు.

1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం చేశాడు. తెల్లవాళ్లు ఉప్పు మీద పన్ను వేశారు. మన ఉప్పు మనం చేసుకుంటామని గాంధీజీ దండి దాకా నడిచాడు. ఆ సంవత్సరమే ఆ ఇంట్లో ఒక కొడుకు పుట్టాడు. అతనికి లవణం అని పేరు పెట్టారు. లవణం అంటే ఉప్పు.

ఒక కూతురికి విద్య అని పేరు. ఆమె విజయవాడ నుంచి 1980లో, 1989లో పార్లమెంటు సభ్యురాలిగా గెలిచింది. 1936లో పుట్టిన కొడుకు పేరు విజయం. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ సంవత్సరం పుట్టిన కొడుకు పేరు సమరం. సమరం అంటే యుద్ధం. డాక్టర్ సమరం పేరు మీరు వినే ఉంటారు. ఆరోగ్యం గురించి పత్రికల్లో ఎన్నో ప్రశ్నలకు జవాబులు రాశాడు. ఇక తొమ్మిదో బిడ్డకు నౌ అని పేరు పెట్టారు. హిందీలో నౌ అంటే తొమ్మిది.

లవణం, విద్య, విజయం, సమరం. ఈ పేర్లు విన్న వెంటనే ఇవి ఒక ఇంటి పేర్లని తెలిసిపోతుంది. కానీ ఎవరి పేరు వాళ్లదే. చిన్నవాడి పేరు పెద్దవాడి పేరుకు తోక కాదు. ప్రతి పేరు వెనుక ఆలోచన ఉంది.

ఉప్పు అని పేరు పెడితే లోకం నవ్వలేదా? నవ్వే ఉంటుంది. కానీ లవణం పెద్దయి స్టూవర్టుపురంలో దొంగలని ముద్ర పడిన కుటుంబాల బాగు కోసం పనిచేశాడు. అప్పుడు లోకం ఆ పేరును గౌరవంగా పలికింది.

కోనేరు హంపి కథ కూడా ఇట్లాంటిదే. ఛాంపియన్ అనే మాటలో నుంచి తండ్రి ఆమెకు ఆ పేరు తీశాడు. చదరంగం నేర్పాడు. ఆ పిల్ల 2002లో, 15 ఏండ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో, 2024లో ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇప్పుడు ఆ పేరు ఎవరికీ వింతగా లేదు.

మన కేంద్రంలో ముచ్చట

గోరా గారి పిల్లల పేర్లు చెప్పిన రోజు మన కేంద్రంలో ఎంత ముచ్చట జరిగిందో మీకు గుర్తుంది. ఆ చెల్లె బాలింత. రాలేదు. కానీ మీరందరూ ఆ బిడ్డకు పేరు వెతకడానికి కూర్చున్నారు.

"వానకు చెల్లె చినుకు" అన్నది ఒక అక్క.

"చినుకు అంటే చిన్న వాననే గదా. మళ్ల చిన్నదే ఆయె" అన్నది ఇంకో అక్క. ఆ మాట ఎంత బాగున్నది!

"మెరుపు" అన్నారు. "ముసురు" అన్నారు. "ఉరుము" అంటే అందరూ నవ్వారు. "పిల్ల ఏడ్సుడు చూస్తే ఉరుమే మంచిగుంటది" అన్నది ఒక అవ్వ. "సింగిడి" అన్నారు. అది అందరికీ నచ్చింది. వాన పడ్డంక సింగిడి వస్తది. ఏడు రంగులు. నేను పలక మీద రాసి తీసుకుపోయాను.

ఆ చెల్లె పలక చదివింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. కాసేపు ఊరుకున్నది. తర్వాత మెల్లగా అన్నది:

"సారక్కా, సింగిడి మంచిగనే ఉన్నది. నా మనసుల ఒక పేరున్నది. చెప్తే నవ్వుతరు."

"నవ్వను. చెప్పు."

"ఊట."

నేను నవ్వలేదు. ఎందుకు ఆ పేరు అని అడిగాను.

"ఇది కడుపుల ఉన్నప్పుడు మా బాయి అడుగంటింది. మా ఆయన బాయిల దిగి పూడిక తీసిండు. నాలుగు దినాలు తీసినా సుక్క లేదు. అయిదో నాడు ఒక పక్క నుంచి ఊట పడ్డది. ఆ నీళ్లతోనే కూరగాయలు బతికినయ్. వాన పైనుంచి వస్తది. ఊట లోపలి నుంచి వస్తది. వాన లేని దినాలల్ల మనల్ని బతికిచ్చేది ఊటనే గదా."

అక్కలారా, ఆ చెల్లె నాలుగు నెలల కిందట అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఇంత మంచి పేరు నాకు తట్టలేదు. ఏ ఫోన్‌లోనూ లేదు. వాన, ఊట. రెండూ నీళ్లే. చివరి అక్షరం కలవలేదు. కానీ ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్లని ఎవరికైనా తెలుస్తుంది. రెండు పేర్లూ రెండేసి అక్షరాలు. తల్లి తన చేత్తో రాయగలదు.

అత్త మొదట ఒప్పుకోలేదు. "ఊట అని ఎవలన్న పెట్టుకుంటరా? ఎల్లమ్మ అనుండ్రి" అన్నది. ఆ చెల్లె గొడవ పడలేదు. "అత్తా, నువ్వు నీ ఇష్టంగ ఎల్లమ్మ అని పిలువు. నీ మనుమరాలే గదా. కాయిదం మీద మాత్రం ఊట అని రాపిస్త" అన్నది. భర్త కూడా "బాయిల నేను చూసిన ఊట అది. ఆ పేరే ఉండనీ" అన్నాడు. అత్త మెత్తబడింది.

కాగితం మీద పేరు

ఇప్పుడు కాగితం సంగతి చెబుతాను. జాగ్రత్తగా వినండి.

1969లో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. దాని ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల లోపల నమోదు చేయించాలి. దవాఖానాలో పుడితే దవాఖానా వాళ్లే కబురు పంపుతారు. ఇంట్లో పుడితే ఇంటి పెద్ద పోయి చెప్పాలి. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. పట్నంలో అయితే మున్సిపాలిటీలో చెప్పాలి.

ఒకటి గుర్తు పెట్టుకోండి. బిడ్డ ఏ ఊర్లో పుడితే ఆ ఊర్లోనే నమోదు జరుగుతుంది. మన ధర్మసాగర్ బిడ్డ హనుమకొండ దవాఖానాలో పుడితే, నమోదు అక్కడి నగరపాలక సంస్థలో ఉంటుంది. ఇక్కడ వెతికితే దొరకదు.

నమోదు చేసే రోజుకు పేరు పెట్టకపోయినా ఫరవాలేదు. పేరు లేకుండా నమోదు చేస్తారు. కానీ తర్వాత పేరు ఎక్కించాలి. నమోదు అయిన నాటి నుంచి 12 నెలల లోపల ఎక్కిస్తే రుసుము లేదు. ఆ తర్వాత 15 సంవత్సరాల దాకా ఆలస్య రుసుము కట్టి ఎక్కించవచ్చు. అంతదాకా ఎందుకు? 12 నెలల లోపలే చేయించండి.

ఈ కాగితం విలువ ఇప్పుడు పెరిగింది. 2023 అక్టోబరు 1 నుంచి కొత్త నియమం వచ్చింది. ఆ రోజున, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటుకు, పెండ్లి నమోదుకు పుట్టిన తేదీ రుజువు ఈ కాగితమే. ఇందులో పేరు తప్పు పడితే ఆ తప్పు పిల్ల వెంట బతుకంతా తిరుగుతుంది.

ఇంగ్లీషులో పేరు ఎట్లా రాయాలో కూడా ముందే అనుకోండి. ఊట అని రాయడానికి ఒకరు రెండు 'ఓ'లు పెడతారు. ఇంకొకరు 'యు' పెడతారు. రెండూ ఒకటేలే అనుకోవద్దు. ఆధార్‌లో ఒక తీరు, బడిలో ఒక తీరు ఉంటే ఇద్దరు మనుషులని లెక్క కడతారు. ఒక చీటీ మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఇంట్లో దాచుకోండి. ఎక్కడికి పోయినా ఆ చీటీ చూపించండి.

బియ్యంలో రాసిన పేరు

21వ రోజున ఆ ఇంట్లో తొట్టెల కట్టారు. నన్ను కూడా పిలిచారు. మేనత్త బిడ్డ చెవిలో మూడు సార్లు పేరు చెప్పింది. పళ్లెంలో బియ్యం పోశారు. వాన పుట్టినప్పుడు బియ్యంలో తండ్రి రాశాడు. ఈసారి ఆయన పళ్లెం భార్య ముందుకు జరిపాడు. "నీకు వస్తది గదా. నువ్వే రాయి" అన్నాడు.

ఆ చెల్లె వేలు వణికింది. 'ఊ' రాయడం కష్టం కదా. ఒకసారి రాసి, చేత్తో చెరిపి, మళ్లీ రాసింది. తర్వాత 'ట' రాసింది. అత్త వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసినవే?" అని అడిగింది. "నీ మనుమరాలి పేరు అత్తా" అన్నది.

కథ ఇక్కడితో అయిపోలేదు. కొన్ని రోజుల తర్వాత పేరు ఎక్కించడానికి ఆ చెల్లె, భర్త పోయారు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి గబగబా కొట్టాడు. "అచ్చు తీయనా?" అన్నాడు. ఆ చెల్లె "ఒక్కసారి చూపియ్యి బిడ్డా" అన్నది. చూసింది. చదివింది. 'ఊత' అని ఉంది.

"ఇది ఊత. నా బిడ్డ పేరు ఊట. 'త' కాదు, 'ట'" అన్నది.

అబ్బాయి మళ్లీ చూసి దిద్దాడు. అంతే. ఒక్క నిమిషం పని. ఆమెకు చదువు రాకపోతే ఏమయ్యేది? ఆ తప్పు కాగితం మడిచి పెట్టెలో పెట్టుకునేది. ఆరేండ్లకు బడిలో చేర్చేటప్పుడు ఎవరో చెబితే అప్పుడు తెలిసేది. తిరగడం, కూలి పోగొట్టుకోవడం, ఒకరిని బతిమాలడం. అవన్నీ ఒక్క అక్షరంతో తప్పాయి.

ఆ మరునాడు ఆ చెల్లె కాగితం పట్టుకుని మన కేంద్రానికి వచ్చింది. మీరందరూ ఒకరి తర్వాత ఒకరు తీసుకుని చదివారు. అందరి నోటా ఊట, ఊట అని వినబడుతుంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మీరు గుర్తు పెట్టుకోవలసిన మాటలు

అక్కలారా, చెల్లెళ్లారా! పెద్ద బిడ్డ పేరుకు కలిసేటట్టు చిన్న బిడ్డకు పేరు పెట్టండి. మంచిదే. వింత పేరైనా పెట్టండి. తప్పు లేదు. కానీ నాలుగు మాటలు మరవకండి.

ఒకటి. పేరుకు అర్థం ఉండాలి. ఆ పేరు ఎందుకు పెట్టారో బిడ్డకు చెప్పగలగాలి.

రెండు. రెండు పేర్లు మరీ దగ్గరగా ఉండవద్దు. పిలిస్తే ఎవరిని పిలిచారో తెలియాలి. రాస్తే ఎవరిదో తెలియాలి.

మూడు. తల్లి ఆ పేరు పలకగలగాలి. రాయగలగాలి. కాగితం మీద తప్పు పడితే పట్టుకోగలగాలి.

నాలుగు. ఇది అన్నిటికన్నా పెద్ద మాట. రెండోదైనా, మూడోదైనా, ఆడపిల్లయినా, మొగపిల్లవాడైనా మొదటి బిడ్డకు వెతికినంత శ్రద్ధగా పేరు వెతకండి. అక్షరం కలవకపోయినా ఆ శ్రద్ధ కలిస్తే చాలు.

ఇప్పుడు మీకు ఒక పని. ఇంటికి పోయి మీ పిల్లల పేర్లన్నీ పలక మీద వరుసగా రాయండి. ఒక్కొక్క పేరు ఎందుకు పెట్టారో ఆ పిల్లలకు చెప్పండి. పుట్టిన కాగితం, ఆధార్ కార్డు తీసి పేరు సరిగా ఉందో లేదో మీరే చదివి చూడండి. తప్పుంటే రేపు నాకు చూపించండి. కలిసి దిద్దించుకుందాం.

ఇంకా ఏ ఇంట్లోనైనా 'చిన్నది' అని పిలిచే పిల్ల ఉంటే, ఆ తల్లిని మన కేంద్రానికి తీసుకురండి. అందరం కూర్చుని మంచి పేరు వెతుకుదాం. తల్లి చేతనే రాయిద్దాం.

సెలవు.